నాన్నా, ఈసారి రిటర్న్ నేనే వేశాను

నాన్నా,

ఏటా ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేయించడానికి రాజమండ్రి ఆడిటర్ గారి దగ్గరకు తీసుకెళ్లి, నా బదులు నువ్వే మాట్లాడేవాడివి. ఈసారి ఒక్కదాన్నే వెళ్లడానికి బెరుకుపడి, ఇంట్లోనే టాక్స్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. అన్నీ నింపాను గానీ, తండ్రి పేరు పాన్ కార్డు వివరాలతో సరిపోలడం లేదంటూ అది ఆగిపోయింది. ఇక ఆడిటర్ గారి దగ్గరకు వెళ్లక తప్పదనుకున్నాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది.

"పేరు ముందు ఆ ‘లేట్’ ఏంటే?"

"నాన్న పోయాక అన్ని ఫారాల్లోనూ అలాగే రాయమంటున్నారు కదమ్మా."

"పాన్ కార్డు వాళ్లకి మనమెప్పుడు చెప్పామే? తీసేసి చూడు."

తీసేశాను. రిటర్న్ వెంటనే వెళ్లిపోయింది. అమ్మయ్య అనుకున్నాను.

నువ్వు వెళ్లాక, ఆ మాట లేకుండా నీ పేరు రాయడం ఇదే మొదటిసారి.