మూడున్నర అంగుళాలు కిందికి

చిమాయో, మార్చి 6

నా డెల్ఫీనోకి, మొండి ముసలాడికి,

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "ఊ" అంటావు, నేను ఇంకేదో మాట్లాడి పెట్టేస్తాను. అందుకే కాగితం. ఆ చమురుబావుల క్యాంపులో భోజనమయ్యాక, మంచం మీద కూర్చుని నిదానంగా చదువు.

మీ నాన్న పికప్‌ని కొట్టంలోంచి బయటికి తీయించాను. పందొమ్మిది వందల అరవయ్యారు నాటి బండి, పదేళ్లుగా గడ్డిమోపుల వెనకాల దుమ్ము తింటోంది. ముందు చక్రాలు విప్పేశాను. ఇక ఆపమన్నా ఆగదు. ఈ ఈస్టర్‌కి మీ క్లబ్బు బండ్లలాగే దాని ముందు భాగం నేలకి దగ్గరగా దించి, ఎస్పాన్యోలా ఊరి వీధిలో పాత బండ్ల ఊరేగింపుకి తీసుకెళతాను. నడిపేది నేను.

ఎందుకని అడుగుతావు. ముప్పై రెండేళ్ల క్రితం ఇదే ఈస్టర్ రోజున మీ క్లబ్బు వాళ్లందరూ చర్చి పక్క స్థలంలో బండ్లు ఆపుకుని నిలబడ్డారు. "ఈ వీధి చివరి దాకా నేను నడుపుతాను" అని నీ చేతిలో ఉన్న ఇదే బండి తాళం కోసం చెయ్యి చాపాను. నువ్వు తాళం జేబులో వేసుకుని, "ఆడవాళ్లు పక్క సీటుకి అందం, స్టీరింగుకి కాదు" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మీరు నవ్వింది ఎప్పుడో మర్చిపోయాను, నేను నవ్వింది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అప్పటికి నేను రోజూ నలభై మంది పిల్లల్ని ట్రూచాస్ కొండదారిలో స్కూలు బస్సులో దింపుతున్నాను. మంచులో కూడా. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, నీతో సహా.

కోపంతో రాయడం లేదు. కోపం ఎప్పుడో పాతబడిపోయింది. కానీ నాకు అరవై ఒకటి నిండాయి, ఆ బండి నడపాలని ఉంది. ఈస్టర్‌కి నీకు నాలుగు రోజుల సెలవుంది. పక్క సీటు ఖాళీగానే ఉంచుతాను. కూర్చోవడానికి మనసొప్పకపోతే రాకు, నేనేమీ అనుకోను.

నీ నజారియా


చిమాయో, మార్చి 29

డెల్ఫీనో,

నీ దగ్గర్నించి జవాబు లేదు. సరే, నా ఉత్సాహం నాది. జరిగింది విను.

బండి ముందు భాగాన్ని దించడానికి ఎన్ని దారులున్నాయో నాకు తెలియదు. మీ తమ్ముడు ఒనోఫ్రేని పిలిచాను. పెదనాన్న కొడుకైనా సొంత తమ్ముడికంటే ఎక్కువగా ఇంట్లో తిరుగుతాడు కదా, మొదటి రోజే మొలకగోధుమ పిండితో నేను చేసిన పనోచా పాయసం గిన్నెడు ఖాళీ చేసి మరీ పనిలో దిగాడు.

"స్ప్రింగులు కోసేద్దాం వదినా. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా దిగిపోతుంది. నా బండికి అదే చేశా" అన్నాడు.

"ఏదీ, నీ బండిలో ఓసారి తిప్పు" అన్నాను. మన సందులోంచి పెద్దరోడ్డు ఎక్కేలోపల నా వెన్నుపూసలన్నీ ఒక్కొక్కటిగా పరిచయమయ్యాయి. దిగి నడుం పట్టుకుని నిలబడితే వాడు తల గోక్కున్నాడు.

"కాస్త గట్టిగా ఉంటుందిలే."

"కాస్తా? ఈ బండిలో పెళ్లికూతుర్ని తీసుకెళితే చర్చికి చేరేసరికి ముసలిదవుతుంది."

"అయితే స్ప్రింగుల బదులు గాలి సంచులు పెట్టించు. మీట నొక్కితే నేల మీద కూర్చుంటుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది. జనం నోరెళ్లబెడతారు."

"నేను కూర్చుంటే లేవలేకపోతున్నాను. ఒక ఇంట్లో ఆ రోగం ఒకళ్లకి చాలు."

అప్పుడు మూడో దారి చెప్పాడు. చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనప ముక్క, స్పిండిల్, ఉంటుంది కదా. ఆ పాతది తీసేసి, చక్రం రెండున్నర అంగుళాలు పైకి బిగిసేలా చేసిన కొత్తది పెడితే, బండి అంత మేరా కిందికి దిగుతుంది. స్ప్రింగు జోలికి పోనక్కర్లేదు, కాబట్టి బండి మెత్తదనం పాడవదు. ఆ సామానుతోనే ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులూ వస్తాయి. బ్రేకుల మాట వినగానే నా మనసు అక్కడే ఆగిపోయింది. ఇరవయ్యేడేళ్లు కొండ దిగిన దాన్ని, బండి అందం సంగతి నాకు రెండోది.

"దాంతోపాటు పొట్టి స్ప్రింగులు కూడా వేసి మొత్తం ఐదంగుళాలు దించుదాం, పాములా పాకుతుంది" అని ఒనోఫ్రే ఆశ. నేను టేపు తీసుకుని సందులో కాలవ తూము దగ్గరికి వెళ్లాను. అక్కడ దారికి అడ్డంగా మట్టి గడ్డ కట్టి ఉంటుంది కదా. వాణ్ణి నేల మీద బోర్లా పడుకోబెట్టి కొలిపించాను. ఐదంగుళాలు దించితే బండి పొట్ట ఆ గడ్డకి రాసుకుంటుంది. ఒక్క అంగుళం పొట్టి స్ప్రింగు చాలన్నాను. మొత్తం మూడున్నర. చొక్కా నిండా మట్టితో లేచి, "నువ్వు బస్సు నడిపావా, స్కూలు నడిపావా వదినా" అన్నాడు.

స్ప్రింగు తీసేటప్పుడు మాత్రం భయపడ్డాను. నొక్కుకుని ఉన్న స్ప్రింగు జారితే మనిషి మిగలడు. గొలుసు కట్టి, జాకీని వెంట్రుకంత వెంట్రుకంత దించాడు. బోల్టులన్నీ నేనే బిగించాను. చేతులు రెండు రోజులు పైకి లేవలేదు. టైర్ల షాపులో చక్రాలు తిన్నగా సరిచేయించాక, ఉడికించిన బీన్స్ గిన్నె మూత లేకుండా పక్క సీటులో పెట్టి, తూము దాటి పెద్దరోడ్డు దాకా వెళ్లొచ్చాను. సీటు మీద ఒక్క చుక్క పడలేదు. డెల్ఫీనో, ఇంటి ముందు బండి ఆపి, స్టీరింగు మీద తల ఆనించి ఎంతసేపు నవ్వానో తెలియదు. ఒనోఫ్రే వచ్చి, "ఏడుస్తున్నావా?" అని కంగారు పడ్డాడు. గిన్నె వాడి చేతికిచ్చాను.

నువ్వు చూడాలని ఉంది. అంతే.

నజారియా


హాబ్స్ దగ్గరి క్యాంపు, ఏప్రిల్ 24

నజారియా,

నాకు రాయడం చేతకాదు. ఇది నాలుగో కాగితం, మూడు చింపేశాను.

ఈస్టర్‌కి వచ్చి నాలుగు రోజులూ నీ పక్కనే ఉండి కూడా చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతున్నాను. పక్క సీటు, స్టీరింగు అంటూ నువ్వు రాసిన ఆ మాట నేను అన్న మాట నిజం. ఆ ఈస్టర్‌కి ముందు వారం ఏం జరిగిందో నీకు తెలియదు. నాన్న ఊళ్లో లేని రోజు చూసి, ఆ బండి స్ప్రింగుల్ని నేనే కోశాను. ఒకటి ఎక్కువ కోసేశాను. బండి కుంటి గాడిదలా ఒక పక్కకి ఒరిగిపోయింది. నాన్న వచ్చి చూశాడు. తిట్టలేదు. వేరే స్ప్రింగులు తెచ్చి తనే వేశాడు. వేస్తూ, "ఈసారి ఈస్టర్‌కి నజారియాని నడపనివ్వు. ఆ పిల్ల చేతిలో బండి బతుకుతుంది" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. వారం తిరక్కుండానే అందరి ముందూ నువ్వు చెయ్యి చాపావు. ఆ మంటంతా నీ మీద కక్కాను. నాన్న అన్న మాట నీకు చెప్పలేదు. ఆయన పోయినప్పుడు కూడా చెప్పలేదు. నీకు దక్కాల్సిన మెచ్చుకోలు ముప్పై రెండేళ్లు నేను దాచుకున్నాను. నన్ను క్షమించు.

ఊరేగింపులో నీ పక్కన కూర్చుంటే మొదట మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వంతెన దాటాక మర్చిపోయాను. ముందు భాగం వంగి, నది నీళ్లలా పోతోంది ఆ బండి. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి కూర్చున్నాను, పాతికేళ్ల కుర్రాడిలాగా. చర్చి పక్కన బండి ఆపాక క్లబ్బు ముసలాళ్లు చుట్టూ మూగి, "ఎవరు దించారు, ఇంత నున్నగా పోతోంది?" అని నన్నే అడిగారు. "మా ఆవిడ. నన్నడగొద్దు, నాకేమీ రాదు" అన్నాను. నువ్వు నా వైపు చూడకుండా అద్దం తుడుస్తూ ఉండిపోయావు. ఆ అద్దంలో నీ మొహం నాకు కనిపించింది. దానికోసం ఇంకో ముప్పై రెండేళ్లయినా నేను పక్క సీటులోనే కూర్చుంటాను.

ఇంకో సంగతి. నిన్న మేస్త్రీకి చెప్పేశాను, మే నెలాఖరుతో పని మానేస్తున్నానని. ఆలోచించుకోమన్నాడు. ఆలోచించుకునే చెప్పానన్నాను.

బండి వెనక భాగం ఇంకా ఎత్తుగానే ఉంది కదా. ఒనోఫ్రేతో చేయించెయ్యకు. ఎంత దించాలో నువ్వు కొలిచి చెప్పు, కింద దూరి పానా తిప్పే పని నాకివ్వు. తప్పు చేస్తే తిట్టు. ఈసారి నేర్చుకుంటాను.

నీ
డెల్ఫీనో