ఎడమ చెవి తెగిన మనిషి

చెల్లెలు మునెమ్మకు తిరుపతి నుంచి అన్న చెంగయ్య రాసేది. నేను బాగున్నాను. మోకాళ్లు తప్ప మిగతా ఒళ్లంతా ఇంకా నా మాట వింటోంది. నీ ఒంట్లో ఎలా ఉందో, పిన్నమ్మ దగ్గు తగ్గిందో లేదో తెలియజెయ్యి. ఈ ఉత్తరం మాత్రం ఎవరి చేతా చదివించుకోవద్దు. మనిద్దరి చదువూ ఒక్కటే. నేను కూడబలుక్కుని రాసినట్టే నువ్వూ కూడబలుక్కుని చదువు.

తిరుచానూరులో పూలమ్మేవాళ్ల వీధిలో ఉంటున్నాను. పగలంతా కొండ కాగి, ఆ వేడి మా మీదకే వస్తుంది. గాలిలో ఉప్పు వాసన లేదు. చేపలు ఐసులో పెట్టి తెస్తారు, నేను ముట్టను. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు రొయ్యలు పంపు. మొదటి నెల మాట్లాడే మనిషి లేక గోడతో మాట్లాడాను. ఇప్పుడు పరవాలేదు, దిగులు పడొద్దు.

యూనివర్సిటీ లైబ్రరీలో వాచ్‌మన్‌గా చేరాను కదా. ఇప్పుడు నాకు లోపలే కుర్చీ వేశారు. ఎవరో సారు ఏళ్ల తరబడి మన పులికాట్ ఒడ్డున తీసిన ఫోటోలు పెట్టెలకొద్దీ ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కోదాని కింద అందులో ఏముందో గడుల్లో రాస్తారు. మూడు గదుల్లో మూడు జట్లు. ఒకే తెప్పను ఒకరు పడవ అని, ఇంకొకరు నావ అని, మరొకరు ఓడ అని రాశారు. అలా రాస్తే వెతికినప్పుడు ఏదీ దొరకదట. అందుకని ఒక వస్తువుకు అందరూ ఒకే పేరు రాసేలా పట్టీ తయారుచేసే పని ఒక మేడంకి అప్పజెప్పారు. తలుపు దగ్గర నిలబడి చూసి చూసి ఉండబట్టలేక అన్నాను.

"కట్టెలు కట్టింది తెప్ప. పలకలు కొట్టింది పడవ. ఇంత చదివినారు, ఇది తెలీదా?"

మేడం కోప్పడలేదు. "కూర్చో పెద్దాయనా, మిగతావీ నువ్వే చెప్పు" అంది.

"ఏం తాతా, మాకంటే పెద్ద ఆఫీసరయిపోతివే" అన్నాడు టైపు కొట్టే మునిరత్నం.

"నీ కుర్చీ నాకెందుకప్పా, కూచుంటే నడుము పట్టేస్తాది" అన్నాను.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక అసలు సంగతి.

ఫోటోలో మనిషి పేరు తెలియకపోతే ఒంటి మీది గుర్తు రాయాలని, అది కూడా అందరూ ఒకే మాటల్లో రాయాలని మేడం నియమం పెట్టింది. అలా రాశాక ఒకరోజు వెతికితే, 'ఎడమ చెవి తెగిన మనిషి' అని మూడు గదుల నుంచీ పదకొండు ఫోటోలు ఒక్కచోటికి వచ్చాయి. అప్పటిదాకా వాటిని ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మునెమ్మా, అది బావ. నీ మొగుడు ఏలుమలై.

ఎనిమిది ఫోటోలతో పేచీ లేదు. తెప్ప మీద, వలల దగ్గర, నలుగురిలో నవ్వుతూ ఉన్నాడు. మిగతా మూడింటిలో నువ్వున్నావు, చాప మీద రొయ్యలు ఆరబోస్తూ. మొదటిదాంట్లో బావ నీకు దూరంగా నీళ్ల అంచున ఉన్నాడు. రెండోదాంట్లో వలలు ఆరేసే గుంజ దగ్గర. మూడోదాంట్లో నీ భుజం వెనకే, చెయ్యి సగం ఎత్తి. నీ జుట్టు నెరిసింది. ఆయన మొహం పెళ్లినాటి మొహమే. మంచి ఎండ, అందరి బట్టలూ పొడిగా ఉన్నాయి. ఆయన చొక్కా ఒక్కటే తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. మేడం బొమ్మను పెద్దది చేసింది. ఇసుకలో నీ అడుగులు ఉన్నాయి. నీళ్ల నుంచి ఆయన దాకా ఒక్క అడుగూ లేదు.

ఆయన మా బావ అనీ, వలకు పోయి తిరిగి రాలేదనీ వాళ్లకు చెప్పాను. మునిరత్నం కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "రీళ్లు కలిసిపోయుంటాయి తాతా. ఇయన్నీ ఆయప్ప ఉన్నప్పటివే."

"కాదు."

"ఎట్ట చెప్తావు?"

తెర మీద వేలు పెట్టాను. "ఆయమ్మ నుదురు సూడు. బొట్టు లేదు. తుడిపించింది నేనే."

తుఫానులో వలకు పోయిన బావ శవం కూడా మనకు దక్కలేదు. రెండేళ్లు చూసి, పెద్దరికం నాది కనక శవానికి బదులు గడ్డి బొమ్మ చేయించి తగలబెట్టించాను. నువ్వు వద్దని కాళ్లు పట్టుకున్నావు. ఆ తర్వాత రొయ్యలు ఆరబోసినప్పుడల్లా "అన్నా, ఆయన నా ఎనకనే ఉండాడు, చాప మీద నీళ్లు పడతా ఉండాయి" అనేదానివి. నీకు మతి పోయిందని నలుగురిలో అన్నాను. అన్నది మర్చిపోలేదు.

పేరు తెలిసింది కనక ఇప్పుడు గడులు నింపాలి. పేరు, ఊరు రాశారు. తర్వాత 'మరణం' అని ఒక గడి, దాని పక్కన 'చెప్పినవారు' అని ఇంకొకటి.

"పోయాడని రాయమంటావా పెద్దాయనా?" అంది మేడం. "ఒకసారి రాస్తే పదకొండు ఫోటోల కిందా అదే వస్తుంది. చెప్పినవారు అని నీ పేరు ఉంటుంది."

ఊరందరి ముందూ గట్టిగా చెప్పిన మాటే. ఇక్కడ మాత్రం తల అడ్డంగా ఊపాను.

"ఆ గడి నాది కాదు మేడం, నా చెల్లెలిది. ఆమె వచ్చి చెప్తాది" అన్నాను.

నెలాఖరు దాకా ఆగుతానంది. ఆ సారు చివరి ఏళ్లలో తీసినవి ఇంకా రెండు పెట్టెలు విప్పలేదు. నువ్వు వచ్చేదాకా విప్పొద్దన్నాను. మునిరత్నం కూడా సరేనన్నాడు, వాడికీ తొందర లేదు.

సూళ్లూరుపేటలో పొద్దున బస్సెక్కు. స్టాండులో నేనుంటాను. బొట్టు పెట్టుకుని వస్తావో, ఉన్నట్టే వస్తావో నీ ఇష్టం. ఎవరైనా అడిగితే మా అన్న చెప్పినాడని చెప్పు.

పిన్నమ్మ కాళ్లకు నా బదులు దండం పెట్టు. పెద్దవాణ్ణి కనక నీకు దీవెన రాయాలి. మొగుడున్న చెల్లెలికి రాసేది రాయాలో, లేని చెల్లెలికి రాసేది రాయాలో తెలియక రాయలేదు. నువ్వు వచ్చాక అడిగి, ఎదురుగానే దీవిస్తాను.

ఇట్లు,
నీ అన్న
చెంగయ్య