కాఫీపొడి రంగు గోడ

నరసరావుపేట,
ఆదివారం.

నాన్నకు నమస్కారాలు. ఫోనులో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం.

హాల్లో వీధి గుమ్మం వైపు గోడకు ముదురు కాఫీపొడి రంగు వేయించాను. పెయింటర్ మస్తాన్ మొదటి కోటింగు వేసి, "ఇదేందమ్మా, పొగచూరిన వంటిల్లులా ఉంది" అన్నాడు. నీ అల్లుడు కూడా మొహం చిట్లించాడు. నాకూ దిగులేసి, మళ్ళీ తెల్లరంగే కొట్టిద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున మా అత్తయ్య మంచం దిగి, తిన్నగా గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళింది. చూపు తగ్గిన ఈ రెండేళ్ళలో ఆవిడ గోడ తడుముకోకుండా నడవడం నేను చూడలేదు.

"ఎట్టా వెళ్ళావత్తయ్యా?" అన్నాను.

"తెల్ల తలుపు ఇప్పుడు చానా బాగా కనపడతందే. ఇన్నాళ్ళూ గోడేదో తలుపేదో తెలిస్తేగా!" అంది.

ఇక ఆ రోజంతా నాకు అదే పని. గోడ ముందు ఒక్కో వస్తువూ పట్టుకుని అడిగాను. స్టీలు గ్లాసు కనపడలేదట. గాజుగ్లాసులో మజ్జిగ పోస్తే కనపడిందట. చీకటి రంగు వేస్తే చూపు తేటపడటమేమిటో నాకింకా వింతగానే ఉంది.

మిరపకు తడి పెట్టారా? అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది?

నాయనమ్మకూ చూపు ఆనదు, ఆమె గదిలో గోడలూ తలుపూ రెండూ నీలమే కదా. ఒక్క తలుపుకు తెల్లరంగు వేసి, ఆమె చెయ్యి వదిలి చూడు. అప్పుడు నాయనమ్మ ఏమందో, ఆమె మాటల్లోనే రాయి.

అమ్మకూ నాయనమ్మకూ నా దండాలు.

నీ కూతురు,
అమూల్య