శుక్రవారపు నీటెలుక

రోజో క్రీక్, మిషిగన్
1891 ఫిబ్రవరి 3

మహా ఘనత వహించిన బిషప్ మతీయా కోబల్ గారికి, సెయింట్ ఆన్ గుడి స్త్రీల సంఘం పెద్ద ఫిలొమేన్ రివార్డ్ వినయంగా రాయునది.

తమరు మార్చి పదమూడున మా పిల్లల నుదుట పవిత్ర తైలం రాసి భద్రమైన అభ్యంగనం ఇవ్వడానికి వస్తున్నారని మా గుడి ఫాదర్ ఒనెజీమ్ చెప్పారు. చాలా సంతోషం. తమరు ఎక్కడో ఆస్ట్రియా చక్రవర్తి ఏలే కార్నియోలా కొండల్లో పుట్టారట, ఓడెక్కి వచ్చి ముప్ఫై ఏళ్ళయిందట, మంచులో ఊరూరూ కాలినడకన తిరిగి ఇంతవారయ్యారట. తమరు వచ్చే రోజు శుక్రవారం, పైగా ఈస్టరు ముందు తపస్సు కాలం. మాంసం కుదరదు కనుక మేమందరం తినే నీటెలుక కూరే తమకూ వండుతాం. ఉల్లిపాయలు ఎక్కువ వేయమంటారా, తక్కువా?

తమ విధేయురాలు,
ఫిలొమేన్

తా.క. తోకలు తీసేస్తాం. కంగారు పడకండి.


బిషప్ నివాసం
ఫిబ్రవరి 9

అమ్మా ఫిలొమేన్,
ఆశీస్సులు.

మీ ఉత్తరం చదివాక అన్నపానాలు సయించడం లేదు. నా కింద ఉన్న ఈ మేత్రాసనం ఊళ్ళలో ఎలుకలు తిని బతికే కుటుంబాలున్నాయని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఒక చలికాలం బూటు తోలు నానబెట్టి తిన్నవాణ్ణే. ఆకలి సంగతి నాకు తెలుసు, సిగ్గుపడకండి. మూడు పీపాల ఎండుచేప రైల్లో పంపుతున్నాను.

మీ శ్రేయోభిలాషి,
మతీయా కోబల్

తా.క. ఎలుకల ఊసు పత్రికలవాళ్ళ చెవిన వేయకండి.


రోజో క్రీక్
ఫిబ్రవరి 17

మహా ఘనత వహించిన బిషప్ గారికి,

పీపాలు అందాయి. మేం బీదవాళ్ళమని తమకెవరు చెప్పారు? నాకు పదకొండు ఆవులున్నాయి. నీటెలుకను మేం ఆకలికి తినం, రుచికి తింటాం. కుందేలంత ఉంటుంది. కస్తూరి తిత్తులు కోసేసి, ఉడకబెట్టి, వెన్నలో వేయిస్తే ఇల్లంతా ఘుమఘుమ. నీళ్ళలో పుడుతుంది, నీళ్ళలో పెరుగుతుంది, నీళ్ళలోనే చస్తుంది. చేప కాక మరేమిటి? మా ఫాదర్ గారు నలభై ఏళ్ళుగా శుక్రవారం శుక్రవారం రెండేసి తింటున్నారు.

కాస్త నొచ్చుకున్న
ఫిలొమేన్

తా.క. తమ ఎండుచేప పందులకు వేశాం. ముట్టలేదు. శుక్రవారమని చెప్పి చూశాం, అయినా ముట్టలేదు.


బిషప్ నివాసం
ఫిబ్రవరి 23

శ్రీమతి రివార్డ్ గారికి,

ఆకలికి తిన్నామంటే క్షమించేవాణ్ణి. మీరు రుచికి తింటామంటున్నారు. ఒంటి నిండా బొచ్చు, నాలుగు కాళ్ళు ఉన్నది చేప కాదు. తపస్సు శుక్రవారం మాంసం తినడం పాపం. గుడి గురువే మీతో కూర్చుని నలభై ఏళ్ళు తినడాన్ని ఏమనాలో నాకు మాట దొరకడం లేదు. మార్చి పదమూడున అభ్యంగనం ముగియగానే ఫాదర్ ఒనెజీమ్‌ను ఉత్తరాన రాగిగనుల ఊరికి మార్చేస్తాను. ఎవరైనా అనుమతి ఇచ్చి ఉంటే కాగితం చూపించండి.

మతీయా కోబల్

తా.క. బాతు కూడా నీళ్ళలోనే ఈదుతుంది.


రోజో క్రీక్
మార్చి 1

అయ్యగారికి,

కాగితం ఉండేది. ఎనభై ఏళ్ళ కిందట యుద్ధంలో ఊరంతా ఆకలితో మాడుతుంటే అప్పటి ఫాదర్ గారు రాసిచ్చారు. గుడి పెట్టెలో దాచాం. ఎలుకలు కొట్టేశాయి. అవి ఇంటెలుకలు, వాటిని మేం తినం.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా పూజారి ఇచ్చాడు, పైనున్న తమరే ఇవ్వడం లేదు. ఫాదర్ గారికి డెబ్బై ఆరేళ్ళు. నాకు పెళ్ళి చేసింది ఆయనే, మా ఆయన్ని మట్టిలో పెట్టిందీ ఆయనే. ఆ గనుల చలికి ఒక్క ఏడాది కూడా బతకరు. తమ ఉత్తరం చదివి వినిపిస్తే, "బిషప్ గారు చెప్పాక ఇంకేముందమ్మా, నా దుప్పట్లు మూటగట్టు" అన్నారు. కట్టబోయి కట్టలేక ఏడ్చాను. వండింది నేను, శిక్షేదో నాకు వేయండి. ఆ రోజు తమకు చేపే వడ్డిస్తాను, మాటిస్తున్నాను.

ఫిలొమేన్

తా.క. బాతు సంగతి మాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. తమరు రాశాక మావాళ్ళలో కొందరికి ఆశ పుట్టింది.


బిషప్ నివాసం
మార్చి 16

అమ్మా ఫిలొమేన్,

మొన్న భోజనం దగ్గర "ఏం చేపమ్మా ఇది?" అని అడిగాను. "మా ఊరి చేపే, అయ్యగారూ, వేడిగా ఉండగానే తినండి" అన్నారు. మీ లెక్కలో మీరు అబద్ధమాడలేదు.

మొదటి ముద్దకే నాకు తెలిసిపోయింది. మా కార్నియోలా అడవుల్లో చెట్టెలుకలుంటాయి. ఆకురాలే కాలంలో మా నాన్న పట్టుకొస్తే, మా అమ్మ ఉల్లిపాయలు వేసి అచ్చం ఇలాగే వండేది. అమ్మ పోయినప్పుడు నేనెక్కడో మంచులో ఉన్నాను. ఎనిమిది నెలలకు కబురందింది. ఆ రోజు మూడు సమాధులు, ఒక పెళ్ళి ఉన్నాయి, ఏడవడానికి తీరిక దొరకలేదు. మొన్న మీ బల్ల దగ్గర ఏడ్చాను. మిరియాలు ఎక్కువయ్యాయేమోనని మీరు నొచ్చుకున్నారు. మిరియాలు సరిగ్గానే పడ్డాయి.

ఇక అసలు సంగతి. ఏమిటో తెలిసి కూడా నేను మరో మూడు కంచాలు తిన్నాను. అరవై మంది పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ చూస్తుండగా తిన్నాను. అది మాంసమైతే తపస్సు శుక్రవారం ఒక బిషప్ ఊరందరి ముందూ పాపం చేసినట్టు. అలా జరగడానికి వీల్లేదు. అందుచేత రెండు రోజులు కూర్చుని శాస్త్రాలన్నీ మళ్ళీ తిరగేశాను. నీటెలుక చేపే. ముద్ర వేసిన ఆజ్ఞాపత్రం దీంతో జత చేశాను. చేప తిన్నాడని గురువును మార్చే చట్టం మా దగ్గర లేదు కనుక ఫాదర్ ఒనెజీమ్ అక్కడే ఉంటారు.

మీ
మతీయా కోబల్

తా.క. వచ్చే శుక్రవారం కూడా అభ్యంగనం ఇవ్వడానికి రాగలను. పిల్లలెవరైనా మిగిలిపోయారేమో వెతికి చూడండి.