కచ్చిక డబ్బా

బల్లరాట్,
1990 ఆగస్టు 14, మంగళవారం పొద్దున.

నాన్నా రామచంద్రా,

అమ్మ దీవెనలు. నూరేళ్ళు చల్లగా ఉండు. చల్లగా అంటే ఇక్కడి చలిలా కాదు! నేనూ, అక్కా, బావా, కిరణ్మయీ క్షేమం. డార్విన్‌లో నీకు ఎండ, నాకిక్కడ రెండు స్వెట్టర్ల మీద శాలువా. ఒకే దేశమంటే ఎవరు నమ్ముతార్రా?

పెరటి పొయ్యి సంగతి ఏమైందని అడిగావు. ఇల్లు అమ్మినాయన షెడ్డులో వదిలేసిన ఇనప పొయ్యి అది. తెనాలిలో మన వేణ్ణీళ్ళ బాయిలర్ లేదూ, దానికి తాత. కట్టె వేస్తే నీళ్ళు కాగి గొట్టాల్లోంచి గదిగదికీ పోతాయి, ఇల్లంతా వెచ్చబడుతుంది. ఇప్పుడు అడుగు తుప్పు పట్టి కారుతోంది. కొత్తది పెద్దదా, చిన్నదా అని మీ బావ నెలరోజులుగా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. “పెద్ద పొయ్యి కొని సన్న మంట పెడితే పొగ తప్ప వేడి రాదు నాయనా. ఇంటికి తగ్గ పొయ్యి, పొయ్యికి తగ్గ కట్టె” అన్నాను. నచ్చింది గానీ పైకి ఒప్పుకోలేదు. అమ్మే కంపెనీ మనిషి స్టీవ్ ఇవాళ కొలతలకి వస్తున్నాడు.

కట్టెకి మాత్రం కొదవ లేదు. పాతాయన కంచె గుంజలు కోసి, షెడ్డు పక్కన ఇంతెత్తున పేర్చి పోయాడు. కోసినచోట లేతాకుపచ్చ రంగు. మంట అంచులూ పచ్చగానే వస్తాయి. “అమ్మమ్మా, ది ఫైర్ ఈజ్ గ్రీన్!” అని కిరణ్మయి చూపించింది. ఈ దేశపు చెట్టు జాతి అంతే కాబోలు అన్నాను.

ఒకటి మాత్రం నాకు బాగాలేదు. బూడిద పోసే మూల పిట్ట వాలడం మానేసింది. అక్క పెంచిన కోళ్ళు మూడూ అక్కడే వరసగా పోయాయి, ఒంటి మీద గాటు లేదు. మొన్న పక్కవాళ్ళ దూడ కంచె దాటి వచ్చి ఆ బూడిద నాకింది. తెల్లారి చూస్తే అక్కడే పడి ఉంది, తెరిచిన కళ్ళు షెడ్డు వైపే. అప్పటినుంచి అటు వెళ్ళాలంటే ఒళ్ళు జలదరిస్తోంది. దిష్టి తీసి నిమ్మకాయ పారేశాను. నవ్వకు.

అరికాళ్ళలో చీమలు పాకినట్టుందన్నావు, తగ్గిందా? మీ డాక్టరు ఎండ అన్నాడుగా, మజ్జిగ తాగు. పళ్ళు తోముకునే కచ్చిక అయిపోవచ్చింది, ఇంకో డబ్బా పంపమన్నావు. కట్టి ఉంచాను.

మధ్యాహ్నం మూడు గంటలు.

స్టీవ్ వచ్చాడు. కొలతలు తీయకుండానే కట్టెల దగ్గర ఆగిపోయాడు. ఒక ముక్క ఎత్తి, మళ్ళీ పడేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఏదో అన్నాడు. మీ బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఏమిటయ్యా?” అన్నాను.

“ఇవి చెదపట్టకుండా మందు పట్టించిన గుంజలు అత్తయ్యా. అందులో ఆర్సెనిక్ ఉందిట. పాషాణం. కాలిస్తే కొంత పొగలో పోతుంది, మిగతాది బూడిదలో ఉండిపోతుందిట.”

బూడిద ఎవరైనా ముట్టుకున్నారా అని స్టీవ్ అడిగాడు. “నో, నో, గ్లవ్స్‌తోనే ఎత్తుతాం” అంది మీ అక్క.

నాన్నా, నీ దగ్గర దాచింది చెబుతున్నాను. తెనాలి నుంచి తెచ్చిన కచ్చిక మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టులోనే చెత్తలో వేయించారు. పిడకల బూడిద ఈ దేశంలోకి రానివ్వరట. నువ్వేమో ఫోన్లో మొదటి మాటే “కచ్చిక తెచ్చావా అమ్మా?” అన్నావు. లేదనడానికి మనసొప్పలేదు. ఈ పొయ్యి బూడిదే జల్లించి, ఉప్పూ లవంగాల పొడీ కలిపి, తెనాలిదే అని రాసి పంపాను. మే నెలలో ఒకటి, జూలైలో ఒకటి. నేనూ అదే వాడుతున్నాను. కిరణ్మయి “యక్!” అని పేస్టే వాడుకుంది, దాని అదృష్టం.

కూర్చుని అంతా చెప్పేశాను. మీ అక్క కోప్పడను కూడా లేదు, ఫోన్ దగ్గరికి పరుగెత్తింది. నువ్వు శుక్రవారం దాకా ఎక్కడో దూరపు సైటులో ఉంటావట. రేడియోలో కబురు పంపుతామని మీ ఆఫీసువాళ్ళు అన్నారు. అందుతుందో లేదో. డబ్బా వెంట తీసుకెళ్ళే ఉంటావు, నిన్నెరగనా? అందుకే ఉత్తరం కూడా వేస్తున్నాను. గదిలోకి రాగానే ఇదే కనబడాలి.

పొద్దున క్షేమం అని రాసింది కొట్టేయడానికి చెయ్యి రావడం లేదు. పొయ్యి ఆర్పేశారు. ఇల్లు చల్లబడుతోంది. గోడల్లో గొట్టాలు టక్కు, టక్కుమంటున్నాయి, ఎవరో లోపలినుంచి కొడుతున్నట్టు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి బావ కారు తీశాడు.

డబ్బా మూత తీయకు. పారేయనూ వద్దు, అలాగే ఆసుపత్రికి పట్టుకెళ్ళు. ముందు వెలుతురులో నిలబడి నీ గోళ్ళు చూసుకో. అడ్డంగా తెల్లటి గీతలున్నాయా? ఆ విషం ఒంట్లో చేరితే అలా వస్తాయని ఆసుపత్రి నర్సు ఫోన్లో చెప్పింది. నా పదివేళ్ళకీ ఉన్నాయి. నీకు ఉండకూడదు నాన్నా. ఒక్కదానికీ ఉండకూడదు.

ఇట్లు,
ఆదివారం ఆదివారం నీ గోళ్ళు కత్తిరించిన
అమ్మ