లేవని కుడిచెయ్యి

ప్రియమైన అమ్మకు,

ప్రభువు కృప నీకూ నాన్నమ్మకూ తోడుగా ఉండాలి. ఇక్కడ అందరం క్షేమమని రాద్దామనే మొదలుపెట్టాను, చెయ్యి రావడం లేదు. ఫోన్ చేస్తే నాకు ఏడుపే తప్ప మాట రాదు. అందుకే ఈ ఉత్తరం.

నాన్నకి మాట వచ్చిందా అని అడిగావు. ఇంకా లేదు. కళ్లు తెరుస్తున్నారు గానీ ఎవరినీ పోల్చుకోవడం లేదు. గంజి కొంచెం దిగుతోంది. మంచాన పడ్డ నాన్నమ్మని వదిలి ఎలమంచిలి నుంచి రాలేనన్నావు. నిన్ను తప్పుపట్టను.

రేవులో క్రేన్‌కి సైగలిచ్చే నాన్న తప్పు సైగ చేయబట్టే క్రేన్ బరువు లేపిందనీ, ఆ బరువు జారి నాన్న దెబ్బతిన్నారనీ, తోటి పనివాడు నాగవంశీ చనిపోయాడనీ కాంట్రాక్టు కంపెనీ అంటోంది. సోమవారం విచారణ. కాదని చెప్పడానికి నాన్నకి నోరు లేదు. అక్కడ తప్పు నాన్నదేనని తేలితే ఇక పోలీసు కేసే.

నిన్న ఆసుపత్రిలో నర్సు చిట్టమ్మ చొక్కా తొడగబోతే నాన్న మూలిగారు. "ఈ కుడిసెయ్యి బుజం దాటి లెగట్లేదేటమ్మా? ఇది మొన్నటి దెబ్బ కాదు, పాత పట్టు" అంది. నేనేం చేశానో అప్పుడు తెలిసింది.

నీ దగ్గర దాచింది చెబుతున్నాను. మధురవాడలో మా ఆఫీసు పని నీకు తెలుసు. నాలుగు వైపుల కెమెరాల్లో పడ్డ మనుషుల్ని, కదిలింది కదిలినట్టు, చుట్టూ తిరిగి చూడగలిగే బొమ్మలుగా కంప్యూటర్లో కడతాం. విచారణ కోసం రేవు వీడియోలు మాకే వచ్చాయి. నాన్నని కాపాడొచ్చని, కూతురినని చెప్పకుండా, ఆ పని అడిగి తీసుకున్నాను. బరువు ఊగిన తీరు సరిగ్గానే వచ్చింది. నాన్న ఎడమచెయ్యి కిందికే ఉంది. కుడిచెయ్యి మాత్రం లారీ చాటున పడి ఏ కెమెరాకీ అందలేదు. కనబడనిది కంప్యూటర్ ఊహించి పూరిస్తుంది. కంప్యూటర్ చూసి నేర్చుకున్న వీడియోల్లో సైగలిచ్చే సిగ్నల్‌మేన్లంతా బరువు లేపమనడానికి కుడిచెయ్యే ఎత్తుతారు. బొమ్మలో నాన్న కూడా ఎత్తారు. ఊహ అని తెలిసీ నమ్మేశాను. ఏడుస్తూనే ఆ బొమ్మని విచారణకి ఇచ్చేశాను.

కూతురినని చెప్పి, ఆ బొమ్మ వెనక్కి తీసుకోమని మా ఆఫీసు మైఖేల్ సార్ కాళ్లావేళ్లా పడ్డాను. "అది ఊహేనని రాసిత్తానమ్మా. కానీ సెయ్యి లెగలేదని రుజువేటి? నువ్వు కూతురివి, నీ మాట ఎవులు నమ్ముతారు?" అన్నారు. ప్రమాదానికి ముందు ఆ చెయ్యి ఎలా ఉండేదో తాను చెప్పలేనని డాక్టరు అన్నారు.

రుజువు నువ్వేనమ్మా. రోజూ పొద్దున కూర్మన్నపాలెం ఇంట్లో ముందు ఆ కుడిచేతికి చొక్కా తొడిగి, తల దువ్వి పంపేదానివి. అది మీ ముద్దుముచ్చట అనుకుని నవ్వుకునేదాన్ని. పని పోతుందని ఎవరికీ చెప్పొద్దని నాన్న నీ చేత బైబిలు మీద చెయ్యి వేయించుకున్నారేమో. ఆ మాట తప్పినా ప్రభువు క్షమిస్తాడు. ఈ ఉత్తరం తెచ్చిన కేథరిన్ పిన్ని నాన్నమ్మ దగ్గర ఉంటుంది. నువ్వు బయలుదేరు. నా మొహం చూడకపోయినా సరే. సోమవారం విచారణ చేసే పెద్దల ముందు నిలబడి, నాన్నకి చొక్కా ఎలా తొడిగేదానివో చూపించు.

ఇట్లు,
బొమ్మని నమ్మి నాన్నని నమ్మని నీ కూతురు,
మిరియం