పది స్వాగతాలు

జూలై 7, సోమవారం

ఈ డైరీ 2019 నాటిది. ఫ్యాక్టరీ ఆఫీసులో బీరువా సర్దుతూ పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. పాత తేదీలు కొట్టేసి కొత్తవి వేసుకుంటున్నాను. చూసేదెవరు?

రాసుకోవాల్సిన సంగతి ఒకటి వచ్చింది మరి. ఇవాళ ఓనరు నరసింహులన్న అందరినీ షెడ్డులో నిలబెట్టి చెప్పాడు. బడి పలకలకు ఆర్డర్లు రావడం లేదు. నెలాఖరుకు సార్టింగ్ సెక్షన్ మూసేస్తాడట. రాతి మీద పేర్లూ బొమ్మలూ చెక్కే లేజర్ మిషన్ ఒకటి కొన్నాడు. దాన్ని నేర్చుకుని టెస్టు పాసైతే ఆపరేటర్ పని ఇస్తాడు. లేకపోతే వేరే చోటు చూసుకోవాలి.

సార్టింగ్‌లో మిగిలింది నేనూ పాపమ్మా ఇద్దరమే. ఇరవై ఏడేళ్ళుగా మా పని ఒకటే, రాయిని ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి కుడిచేతి వేలి కణుపుతో తట్టి చూడటం. ఖణ్‌మంటే మంచి రాయి. డబ్‌మంటే లోపల పొర విడిందని అర్థం, పక్కన పడేస్తాం. రోజుకు వెయ్యి రాళ్ళు. మార్కాపురంలో నా చెవికి తిరుగులేదని నేనే చెప్పుకుంటాను. ఇంకెవరూ చెప్పరు కాబట్టి.

పాపమ్మ పేరు ఇవ్వనంది. నలభై ఎనిమిదేళ్ళకు నీకెందుకే ఈ పిచ్చి అని నన్నూ తిట్టింది. నేను ఇచ్చేశాను.

జూలై 8

ఇంట్లో చెప్పాను. మా ఆయన నతానియేలు ఆటో తుడుస్తూ నవ్వాడు. క్లాసు రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా అనేసరికి నవ్వు ఆగిపోయింది. మరి వంట ఎవరు చేస్తారన్నాడు. నేను మిషన్ నేర్చుకుంటున్నాను, నువ్వు చారు నేర్చుకో అన్నాను. ఇద్దరం కొత్త స్టూడెంట్లమే.

జూలై 10

నేర్పడానికి వచ్చిన అమ్మాయి పేరు కవిత. కంభం పిల్ల, ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. నేను మేడమ్ అంటాను, ఆమె నన్ను పెద్దమ్మా అంటుంది. మర్యాదలు అటూ ఇటూ సరిపోయాయి.

ఇవాళ పరువు పోయింది. స్క్రీన్ మీద అక్షరాలు టైపు చేయమంది. ఒకటి తప్పు పడింది. నేనేం చేశాను? చీర కొంగు తడిచేసి స్క్రీన్ తుడిచాను. పలక అలవాటు! అది టచ్ స్క్రీనట. నేను తుడిచిన తుడుపుకు ఏవేవో నొక్కుకుపోయి మిషన్ బుర్రుమని మొదలైంది. కవిత పరుగెత్తుకొచ్చి ఆపింది. తర్వాత కుర్చీలో కూలబడి పది నిమిషాలు నవ్వింది. చివరికి నేనూ నవ్వాను. ఏం చేస్తాం.

జూలై 11

చారులో ఉప్పు రెండుసార్లు వేశాడు. బాగుందని చెప్పి తిన్నాను. దేవుడు క్షమించాలి.

జూలై 16

ఒక్క వారంలో ఎన్ని మాటలు వచ్చాయో నాకు! పవర్, స్పీడ్, ఫోకస్. పవర్ ఎక్కువైతే గీత మందం అవుతుంది. ఫోకస్ తప్పితే అక్షరం మసకబారుతుంది. ఇవన్నీ చేతి మీద పెన్నుతో రాసుకుని అన్నం కలుపుకునేటప్పుడు కూడా చదువుకుంటున్నాను. టెన్త్ పరీక్షలకు కూడా ఇంత చదవలేదు.

ఇంకో సంగతి. పదింటిలో రెండో మూడో రాళ్ళు చెక్కుతుండగానే చిట్లిపోతున్నాయి. పవర్ వల్లే అని కవిత తగ్గిస్తూ పెంచుతూ ఉంది. నేను చిట్లిన ముక్క తీసి తట్టాను. డబ్. పవర్ తప్పేం లేదు, రాయిలోనే పొర విడింది, వేడికి విచ్చుకుంది. ఆ మాటే చెప్పాను. ఆమె నమ్మలేదు. ఐదు రాళ్ళు తట్టి, ఇందులో ఈ రెండూ పగులుతాయి అని పక్కన పెట్టాను. ఐదూ మిషన్ మీద పెట్టి చూసింది. ఆ రెండే పగిలాయి.

ఆ పిల్ల మొహం చూడాలి! రేపటి నుంచి నాకు తట్టడం నేర్పు పెద్దమ్మా అంది. అంటే నాకూ ఒక స్టూడెంటు.

జూలై 20, ఆదివారం

చర్చిలో కానుకల పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి దానంతటదే తట్టేసింది. ఖణ్‌మంది. ముందు వరుసలు మొత్తం వెనక్కి తిరిగాయి. మా ఆయన నన్ను ఎరగనట్టు పాటల పుస్తకంలో తల దూర్చాడు.

జూలై 28

రేపే టెస్టు. పది రాళ్ళ మీద 'స్వాగతం' అని చెక్కాలి. ఒక్కటీ పగలకూడదు. నాకేం భయం లేదు. రాళ్ళు నేనే ఏరుకుంటాను.

జూలై 29

ఎట్ల రాయను.

కుప్పలో నలభై రాళ్ళు తట్టి పది ఏరాను. ఆలస్యం అవుతోందని నరసింహులన్న గడియారం చూసుకుంటున్నా పట్టించుకోలేదు. పవర్ సరిగ్గా పెట్టాను. ఫోకస్ చూసుకున్నాను. ఒకదాని తర్వాత ఒకటి, పదీ చెక్కాను. ఒక్కటీ చిట్లలేదు. గొప్పగా పది రాళ్ళూ టేబుల్ మీద పరిచాను.

అందరూ రాళ్ళ మీదికి వంగి చూస్తున్నారు. కవిత కళ్ళు దించుకుంది. అప్పుడు చూశాను నేను.

రాయికి ఒకవైపే పాలిష్ ఉంటుంది. సార్టింగ్‌లో తట్టిన ప్రతి రాయినీ పాలిష్ వైపు కిందికి బోర్లించి గోనెపట్టా మీద పెడతాం, గీతలు పడకుండా. ఇరవై ఏడేళ్ళ అలవాటు. అట్లాగే తట్టి తట్టి, మిషన్ బల్ల మీద కూడా బోర్లించాను. పదికి పది రాళ్ళ మీద 'స్వాగతం' గరుకు వెనకవైపు చెక్కాను. రోజూ క్లాసులో కవితే రాళ్ళు పెట్టి ఇచ్చేది. ఇవాళ నేను పెట్టుకున్నాను.

నరసింహులన్న కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "రాయి పగల్లేదు మణమ్మా, నీ చెవి పాసయింది. నీ చెయ్యి ఇంకా సార్టింగ్‌లోనే ఉంది" అన్నాడు. ఆ పది రాళ్ళూ అమ్ముడుపోవు, తీసుకుపొమ్మన్నాడు. సంచిలో వేసుకొచ్చి మంచం కిందికి తోసేశాను.

జూలై 30

పనికి పోలేదు.

జూలై 31

కవిత ఇంటికొచ్చింది. నరసింహులన్నతో మాట్లాడిందట. ఆగస్టు 8న ఇంకొక్క టెస్టు, అంతే. అప్పటిదాకా సార్టింగ్ మూయకుండా ఆపాడు. మా ఆయన ఆ పిల్లకు అన్నం పెట్టాడు. చారు బాగుందని ఆమె రెండోసారి వేయించుకుంది. ఆయన మొహంలో వెలుగు చూస్తే నాకు ఏడుపు ఆగిపోయింది. నెల కిందట ఆవాలు ఏవో జీలకర్ర ఏదో తెలియని మనిషి.

ఈయన నేర్చుకోగా లేనిది, నా చేతికి ఏం రోగం?

ఆగస్టు 3, ఆదివారం

ఇంట్లో కంచాలు, మూతలు, చివరికి బైబిలు కూడా, ఏది కింద పెట్టినా మొహం పైకి పెడుతున్నాను. మరిచిపోతే మా ఆయన "బోర్లించినావు" అంటాడు. ఇవాళ పొద్దుటి నుంచి పద్నాలుగుసార్లు అన్నాడు. పద్నాలుగోసారి గరిటె విసిరాను. పక్కకు తప్పుకుని, గరిటె కూడా బోర్లా పడిందన్నాడు.

ఆగస్టు 5

నాలుగుసార్లు.

ఆగస్టు 7

ఒక్కసారి కూడా అనలేదు. నేనే రెండుసార్లు అడిగాను, మరిచిపోయి అనలేదా అని.

ఆగస్టు 8, శుక్రవారం

పాసయ్యాను! పాసయ్యాను! పాసయ్యాను!

ప్రతి రాయినీ తట్టి, తిప్పి, అరచేత్తో పాలిష్ తడిమి, అప్పుడు బల్ల మీద పెట్టాను. పదికి పది. నల్లటి నున్నటి రాతి మీద తెల్లగా 'స్వాగతం'. నరసింహులన్న ఒక రాయి తీసి నా చేతిలో పెట్టాడు, ఇది నువ్వే ఉంచుకో ఆపరేటరమ్మా అన్నాడు. కవిత నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. పాపమ్మ దూరం నుంచి చూసి, దగ్గరికొచ్చి, ఆ స్క్రీన్ తడి కొంగుతో తుడిస్తే నిజంగా మిషన్ మొదలైపోతుందా అని అడిగింది. అంటే నేర్చుకుంటుందన్నమాట. దాని పేరు కూడా ఇచ్చేసి వచ్చాను.

అసలు సంగతి ఇది కాదు. సాయంత్రం వీధి మొదట్లో షేర్ ఆటో దిగాను. మొదటి ఇల్లు మల్లిది. ఆమె తలుపు పక్కన గోడకు ఒక రాయి వేలాడుతోంది. 'స్వాగతం'. గరుకు రాయి, నా తప్పు రాయి. పక్కింటికీ ఉంది. ఆ పక్కింటికీ ఉంది. నాకు ఒళ్ళు మండింది. నేను మంచం కింద దాచిన సిగ్గును ఈ మనిషి ఊరంతా తగిలించాడా! గబగబా నడిచాను. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు నవ్వుతూ లేచి నిలబడుతున్నారు. మా రాయి బాగుందక్కా అంటున్నారు. ఇంటింటికీ నా అక్షరాలే. సగం దూరం పోయేసరికి కోపం ఎటుపోయిందో తెలియదు. ఏడుస్తూ నడిచాను.

వీధిలో మొత్తం పదకొండు ఇళ్ళు. పదిళ్ళకు రాళ్ళున్నాయి. మా ఇంటికి లేదు.

మా ఆయన గరిటె పట్టుకుని గడపలో నిలబడ్డాడు. పాసయ్యానని నేనింకా చెప్పనేలేదు. మనకేది అని అడిగాను.

"నువ్వు తెస్తావని ఖాళీ పెట్టినా" అన్నాడు.

మేకు కూడా ముందే కొట్టి ఉంది.

ఆగస్టు 25, సోమవారం

కంప్యూటర్ డిజైన్ క్లాసు, మొదటి రోజు. చేతికి మౌస్ ఇచ్చారు. తట్టి చూశాను. డబ్‌మంది. అయినా పక్కన పడేయలేదు.